పేగుల ముసలితనం కత్తిపీట దగ్గరే మొదలవుతుంది

ఈ మధ్య మా కోనసీమలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ ఏ ఇంటికెళ్లినా, భోజనాల బల్ల మీద మందుల డబ్బా పక్కన ఒక తెల్ల సీసా కనిపిస్తోంది. ప్రోబయోటిక్ కాప్స్యూల్స్. ఒక్కో గోళీలో ఇన్ని వందల కోట్ల మంచి బ్యాక్టీరియా ఉందని పైన రాసి ఉంటుంది. పిల్లలు సెలవులకొచ్చినప్పుడు తెచ్చినవి కొన్ని, అటునుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపినవి కొన్ని. "పేగులు బాగుంటే ముసలితనం తొందరగా రాదంట, మా వాడు చెప్పాడు" అంటూ పెద్దవాళ్లు శ్రద్ధగా రోజుకొకటి వేసుకుంటున్నారు.

ఆ పిల్లల ప్రేమను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పేగుల్లోని సూక్ష్మజీవులకీ మన ముసలితనానికీ సంబంధం ఉందన్నది కూడా గాలివాటు మాట కాదు, దాని వెనక గట్టి పరిశోధనే ఉంది. నా బాధల్లా ఒక్కటే. ఆ సీసా పక్కనున్న కంచంలోకి ఎవరూ చూడటం లేదు.

మా అమ్మ అంబాజీపేట దగ్గర పల్లెలో ఉంటుంది. నాన్న పోయాక ఒక్కతే. నేను ఉద్యోగరీత్యా రాజమండ్రిలో ఉంటాను, తమ్ముడు దేశంలో లేడు. నాన్న ఉన్న రోజుల్లో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనమంటే పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, చారో పులుసో, పెరుగు. ఇందులో గొప్పేమీ లేదు, డెల్టాలో ఓ మాదిరి ఇళ్లన్నిటా అంతే. కానీ వారం మొత్తం కలిపి చూసుకుంటే ఎన్ని రకాలు తినేవాళ్లం! కంద బచ్చలి, అరటిపువ్వు కూర, తోటకూర పులుసు, గోంగూర పప్పు, చేమదుంపలు, దొడ్లో కాసిన పొట్లకాయ, పనసకాయల రోజుల్లో పనసపొట్టు, బీరకాయ వండితే దాని చెక్కుతో పచ్చడి. ఇప్పుడు అమ్మ కంచంలో అన్నం, పెరుగు, ఆవకాయ. పొద్దున్న ఇడ్లీ. రాత్రికి మళ్లీ ఇడ్లీయే, లేదంటే పాలల్లో ముంచిన రస్కులు. ఎప్పుడైనా కూర వండుకుంటే బంగాళాదుంప.

"ఏం కూర చేసుకున్నావమ్మా?" అని ఫోన్‌లో అడిగితే, "నా ఒక్క ప్రాణానికి కూరేంటే, కాస్త పెరుగేసుకుని తినేశాను" అంటుంది.

డబ్బుల్లేక కాదు. మా వీధిలోనే ఇలా ఒంటరిగానో, ముసలి దంపతులిద్దరే మిగిలిపోయో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నిటా ఇదే వరస. పెద్దవాళ్ల పేగులు చెడడానికి వయసు ఒక్కటే కారణం కాదు. దానికన్నా ముందు కంచం చిక్కిపోతుంది. కంచం సంగతి వదిలేసి పేగుకి మందు వేస్తే లాభం లేదు. నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎందుకంటున్నానో చెబుతాను.

ఒక మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో లెక్క వేశారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంటే మనకంటే అవే కాస్త ఎక్కువ. ఇంతా చేసి వాటన్నిటి బరువూ కలిపితే పావుకేజీ కూడా ఉండదు. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే కాపురం. మనం తిన్న అన్నం, పంచదార, నూనె అంతా దాదాపు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. మనకి అరగని పీచు, కొన్ని రకాల పిండిపదార్థం మాత్రమే పెద్దపేగు దాకా వెళతాయి. అక్కడి బ్యాక్టీరియాకి తిండి అదే. డెల్టా వాళ్లకి శివారు పొలాల సంగతి చెప్పక్కర్లేదు కదా, ఎగువ చేలన్నీ తడిశాక మిగిలిన నీళ్లే కాలవ చివరికొస్తాయి. మెత్తటి తెల్లన్నం, పెరుగు, రస్కు మాత్రమే తినే మనిషి పెద్దపేగు నీళ్లందని శివారు పొలమే.

పీచు అందితే ఆ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి గోడ కణాలకి ముఖ్యమైన ఆహారం ఈ బ్యూటిరేటే. మన పెద్దపేగు గోడ చాలావరకు మన రక్తం నుంచి కాకుండా, బ్యాక్టీరియా వండిపెట్టినదాంతో బతుకుతోందన్నమాట. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పీచు అందకపోతే ఏమవుతుంది? బ్యూటిరేట్ తగ్గుతుంది. పేగు గోడకి కాపలాగా ఉండే జిగురుపొరనే కొన్ని రకాల బ్యాక్టీరియా తినడం మొదలుపెడుతుంది. ఇది ఎలుకల్లో స్పష్టంగా చూశారు. గోడ పలచబడితే బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరతాయి. రోగనిరోధక వ్యవస్థ నిద్రపోకుండా సన్నటి మంట రాజేస్తూనే ఉంటుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కానీ ఒళ్లంతా లోలోపల ఇన్‌ఫ్లమేషన్. ముసలితనంలో ఇలా ఎడతెగకుండా ఉండే ఇన్‌ఫ్లమేషన్‌కి ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. కండ కరగడానికి, గుండె జబ్బుకి, షుగర్‌కి, మతిమరుపుకి దీనితో చుట్టరికం ఉంది.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. పుట్టినప్పటినుంచీ ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలు ముసలివయ్యాక కూడా వాటిలో ఈ రకం ఇన్‌ఫ్లమేషన్ పెరగలేదు. వాటిని ముసలి ఎలుకలతో కలిపి ఉంచితే మొదలైంది. అంటే వయసు పెరిగినందువల్లే కాదు, ముసలి ఎలుక పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల కూడా ఇన్‌ఫ్లమేషన్ వస్తోంది.

ఎలుకల సంగతి పక్కనపెట్టి మనుషుల దగ్గరికొద్దాం. నా వాదనంతా ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం మీద నిలబడింది, అందుకని దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను. 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. 178 మంది పెద్దవాళ్లని తీసుకున్నారు. కొందరు సొంత ఇళ్లలో ఉన్నవాళ్లు, కొందరు రోజువారీగా ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్లు, కొందరు ఎన్నాళ్లనుంచో వృద్ధాశ్రమంలాంటి సంరక్షణ కేంద్రాల్లో ఉంటున్నవాళ్లు. అందరి పేగు బ్యాక్టీరియాని, తిండిని, ఆరోగ్యాన్ని పోల్చి చూశారు. ఇంట్లో ఉండి రకరకాలు తినేవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా కూడా రకరకాలుగా ఉంది. కేంద్రంలో ఉండి పీచు తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న ఒకే రకం తిండి తినేవాళ్లలో ఆ రకాలు తగ్గిపోయాయి. రకాలు తగ్గినవాళ్లలోనే నీరసం, ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువ.

నీరసంగా ఉన్నారు కాబట్టే ఆ కేంద్రంలో చేరారేమో, బ్యాక్టీరియాని ఎందుకు ఆడిపోసుకోవాలి అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. పూర్తి జవాబు ఈ ఒక్క అధ్యయనం ఇవ్వలేదు. కానీ అందులో ఒక సంగతి నన్ను వదలడం లేదు. కేంద్రంలో చేరినవాళ్లకి ముందు తిండి మారింది. బ్యాక్టీరియా ఆ తర్వాత, నెలల తరబడి మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. కంచం ముందు, పేగు వెనక.

మన దగ్గర వృద్ధాశ్రమానికి వెళ్లినవాళ్లు తక్కువే. సొంత ఇంట్లోనే, సొంత వంటింట్లోనే ఆశ్రమం తిండి తింటున్నవాళ్లు మాత్రం బోలెడుమంది.

ఇంతకీ కంచం ఎందుకు చిక్కిపోతోంది? అమ్మని పక్కన కూర్చుని గమనించాక నాకు తట్టిన కారణం మోకాళ్లు.

అరటి దూట కూర ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. గెల కోసిన చెట్టు పైపొరలు ఒక్కొక్కటే ఒలిచి, లోపలి తెల్లటి దూట తీయాలి. కత్తిపీట ముందు కూర్చుని సన్నటి చక్రాలుగా తరగాలి. ఒక్కో చక్రం తరిగినప్పుడల్లా సాలెగూడు లాంటి నార వస్తుంది, దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ లాగెయ్యాలి. ఆ చక్రాల్ని మళ్లీ సన్నగా తరిగి, నల్లబడకుండా పల్చటి మజ్జిగలో వెయ్యాలి. ఆనక పిండి, ఉడికించి, తాలింపు పెట్టి, దింపాక ఆవ పెట్టాలి. పనసపొట్టయితే చేతులకి నూనె రాసుకుని కత్తితో కొట్టీ కొట్టీ భుజం లాగేస్తుంది. అరటిపువ్వులో ఒక్కో పూవులోంచీ దొంగను, అంటే మధ్యలో ఉండే గట్టి కాడను ఏరాలి. కంద చెక్కు తీస్తే చేతులు దురదలు. మా డెల్టాలో పీచున్న కూరగాయలన్నీ కూర్చుని, ఓపిగ్గా, చాలాసేపు తరగాల్సినవే. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు అరిగినామె, నేల మీద కత్తిపీటేసుకుని కూర్చుంటే మళ్లీ లేవడానికి గోడో మనిషో కావాలి. కుర్చీలో కూర్చుని బల్ల మీద చాకుతో తరగొచ్చు కదా అంటారు. చేతులు డెబ్బై ఏళ్లూ కత్తిపీటకి అలవాటుపడ్డాయి, చాకుతో కందగడ్డ కొయ్యడం వాళ్లకి భయం.

అలా దూట మానేశారు, పనసపొట్టు మానేశారు, ఆకుకూర ఒలిచే ఓపిక లేక అదీ మానేశారు. మిగిలింది బంగాళాదుంప.

మోకాళ్లు ఇంకో దారిలో కూడా పేగుల్లోకి దూరతాయి. మోకాళ్ల నొప్పులకి మాత్రలు వేసుకుంటారు. ఆ మాత్రలు కడుపులో పుండు చెయ్యకుండా గ్యాస్ మాత్ర రాస్తారు, పాంటాప్రజోలో ఒమెప్రజోలో. అది మంచిదే, అవసరమే. కానీ నొప్పి మాత్ర ఆపేశాక కూడా గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి పరగడుపున సాగుతూనే ఉంటుంది. ఎవరూ ఆపమని చెప్పరు, వీళ్లూ అడగరు. కడుపులో ఆమ్లం తగ్గితే, నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా ఆ ఆమ్లాన్ని దాటుకుని పేగుల్లోకి చేరుతోందని, పేగుల్లో రకాలు తగ్గుతున్నాయని నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. మీ అమ్మగారో నాన్నగారో రోజూ ఈ మాత్ర వేసుకుంటుంటే మీ అంతట మీరు మాన్పించకండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లకి అది రక్షణ. ఈసారి డాక్టర్ దగ్గరికెళ్లినప్పుడు "ఇది ఇంకా అవసరమాండీ?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

పళ్ల సంగతి కూడా ఇంతే. గోరుచిక్కుడు, మునక్కాడ, పచ్చి కొబ్బరి నమలలేని నోటికి పీచు ఎలా అందుతుంది? షుగర్ పరీక్షలు, బీపీ మాత్రలు, కంటి ఆపరేషన్ ఏవీ తప్పకుండా చేయించే పిల్లలు కట్టుడుపళ్లు మాత్రం "ఈ వయసులో ఎందుకులే" అని వదిలేస్తారు. ఆ మాట చాలాసార్లు ముందు పెద్దవాళ్లే అంటారు, పిల్లలు సరేనంటారు.

ఇక పథ్యాలు. మన ఊళ్లలో పెద్దవాళ్ల కంచం మీద ఊరందరికీ అధికారం ఉంటుంది. వంకాయ దురద, గోంగూర వేడి, కంద వాతం, పప్పు గ్యాస్, చేమదుంప కఫం. ఎవరో ఒకరు ఎప్పుడో ఒక జ్వరంలో మానమన్న కూర మళ్లీ కంచంలోకి రాదు. పథ్యానికి ఆది ఉంటుంది గానీ అంతం ఉండదు. పప్పు తింటే కడుపు ఉబ్బుతుందన్నది అబద్ధం కాదు. చాలాకాలంగా పీచు అలవాటులేని పేగుకి ఒక్కసారిగా గిన్నెడు పప్పు పెడితే గ్యాస్ వస్తుంది. దానికి మందు పప్పు మానడం కాదు, రెండు చెంచాలతో మొదలుపెట్టి వారాల మీద మెల్లగా పెంచడం, తగినన్ని నీళ్లు తాగడం. ఒక్క మినహాయింపు గట్టిగా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆకుకూరలు, అరటి, కంద లాంటివి పెంచే ముందు డాక్టర్ని అడిగి తీరాలి, పొటాషియంతో ప్రమాదం.

యాంటీబయోటిక్స్ గురించి కోపం లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. రెండు రోజులు దగ్గు తగ్గకపోతే మందుల షాపులో అడిగితే చాలు, అజిత్రోమైసిన్ మూడు గోళీలు చేతిలో పెట్టేస్తారు. విరేచనాలైతే మరొకటి. చీటీ లేకుండా కొన్ని రకాల యాంటీబయోటిక్స్ అమ్మకూడదని, అమ్మినవి రిజిస్టర్లో రాయాలని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. ఊళ్లో ఎవరికి పట్టింది? జలుబుకి, వైరల్ జ్వరానికి వేసుకున్న ప్రతి యాంటీబయోటిక్ కోర్సూ పేగుల్లో కార్చిచ్చే. కుర్రాళ్ల పేగులు కోలుకుంటాయి, అవి కూడా కొన్నిసార్లు పూర్తిగా కావు. చిక్కిపోయిన కంచంతో ఉన్న పెద్దవాళ్లలో మళ్లీ మొలవడానికి మిగిలేదే తక్కువ.

పోనీ అప్పుడైనా ఆ అమెరికా సీసా పనికొస్తుందా? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో సరిగ్గా ఇదే చూశారు. యాంటీబయోటిక్స్ వాడినవాళ్లలో కొందరికి ప్రోబయోటిక్స్ ఇచ్చారు, కొందరిని ఏమీ ఇవ్వకుండా వదిలేశారు. వదిలేసినవాళ్ల సొంత బ్యాక్టీరియానే ముందుగా కోలుకుంది. ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్లలో ఆ కొత్తవి వచ్చి కూర్చుని, పాతవి తిరిగి రావడం ఆలస్యమైంది. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ప్రోబయోటిక్స్ అన్నీ దండగని తీర్పు చెప్పలేం. నెలలు నిండని పసిబిడ్డల్లో, ఇంకా కొన్ని సందర్భాల్లో వాటివల్ల మేలుందని ఆధారాలున్నాయి. కానీ అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘమే 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చాలావరకు జీర్ణకోశ సమస్యలకి వీటిని సిఫారసు చెయ్యలేదు. ముసలితనం రాకుండా చేస్తుందన్న మాటకైతే ఏ సీసాకీ ఆధారం లేదు.

నిజానికి ఈ ఆశ నిన్నమొన్నటిది కాదు. రోగనిరోధక శక్తి మీద పనికి 1908లో నోబెల్ బహుమతి పంచుకున్న ఇల్యా మెచ్నికోవ్, పెద్దపేగులో కుళ్లే పదార్థాల విషమే ముసలితనానికి మూలమని నమ్మాడు. బల్గేరియా పల్లెల్లో ఎక్కువకాలం బతికే రైతులు పుల్లటి పెరుగు తింటారని విని తనూ రోజూ పులిసిన పాలు తాగాడు. 1916లో 71 ఏళ్లకి పోయాడు. పేగులకీ వయసుకీ ముడి ఉందని వందేళ్ల కిందటే పసిగట్టిన ఆ బుర్రకి దణ్ణం పెట్టాల్సిందే. ఒక్క బ్యాక్టీరియాతో పనైపోతుందన్న చోటే ఆయన లెక్క తప్పింది.

ఇప్పుడొస్తున్న సమాచారం ఆ లెక్కకి ఎదురుగా ఉంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో తొమ్మిది వేల మందికి పైగా పేగు బ్యాక్టీరియా చూశారు. ఆరోగ్యంగా వయసు పైబడుతున్నవాళ్లలో ఏడాది గడిచేకొద్దీ ఎవరి బ్యాక్టీరియా వాళ్లదే అయిపోతూ, ఒకరిది ఇంకొకరితో పోలకుండా పోతోంది. బాగా పెద్ద వయసులో ఆ ప్రత్యేకత రానివాళ్లు తర్వాతి నాలుగేళ్లలో చనిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు, సగటున 107 ఏళ్లున్న శతాధికుల పేగుల్లో కొన్ని బ్యాక్టీరియాలు ఒక అరుదైన పైత్యరస ఆమ్లాన్ని తయారుచేస్తున్నాయని, అది హాని చేసే క్రిముల్ని అణిచేస్తుందని కనిపెట్టారు. ఎవరి పేగు వాళ్లదే అయినప్పుడు అందరికీ ఒకే గోళీ ఎలా సరిపోతుంది?

చద్దన్నం మాటెత్తకుండా గోదావరి వాళ్లతో తిండి గురించి మాట్లాడితే ఊరుకోరు. నాకూ ఇష్టమే. వండి చల్లారిన అన్నంలో కొంత పిండి గట్టిపడి, అరగని రకంగా మారుతుంది. అది పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకి తిండవుతుంది. ఇండోనేషియాలో కొలిచి చూస్తే, వంద గ్రాముల వేడన్నంలో 0.64 గ్రాములున్న ఈ రకం పిండి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములైంది. మంచిదే, కానీ ఎంత? గ్రాము. ఒక చిన్న గిన్నెడు పెసరపప్పు కూడా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. మన మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం బియ్యం నిదానంగా అరుగుతుందని, రక్తంలో చక్కెరని తక్కువగా పెంచుతుందని 2011లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తేల్చింది. మనం పండించి బయటికి పంపే బియ్యం! ఇంట్లోకి మాత్రం సన్నబియ్యం కొనుక్కుంటాం.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో మాట, రాత్రంతా నానితే అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని. ఇనుము రాత్రికి రాత్రి పుట్టదు. పులిసినప్పుడు దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గి, ఉన్న ఇనుము కాస్త బాగా పడుతుంది, అంతే. పైగా పెద్దవాళ్లకి ఒక జాగ్రత్త తప్పనిసరి. మన ఎండల్లో అన్నం ఊరికే గిన్నెలో వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరుగుతుంది. అది విడిచే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమో, పుల్లటి మజ్జిగ కలిపి ఉంచడమో చెయ్యాలి. ఫ్రిజ్ అయితే మరీ నమ్మకం. వాసన తేడాగా ఉంటే పారెయ్యాలి, "అన్నం పారేస్తే పాపం" అనకూడదు.

పెరుగు, మజ్జిగ సంగతి మాత్రం నేను పూర్తిగా పెద్దవాళ్ల పక్షం. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ముప్పై ఆరుగురిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పీచు, ఒక జట్టుకి పెరుగులాంటి పులిసిన పదార్థాలు పది వారాలు బాగా పెంచారు. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో రకాలు పెరిగాయి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. ఇంట్లో తోడేసిన పెరుగు అక్షరాలా బతికున్న ఆహారం. ఆవకాయకి మాత్రం ఆ పేరు ఇవ్వలేను. ఉప్పూ కారం నూనెల్లో ఊరిన కాయ అది, రుచికి రాజే, కానీ కూర లేని కంచంలో అన్నం దిగడానికి రోజూ అదే కలుపుకుంటే ఒంట్లో చేరేది ఉప్పు. బీపీ మాత్ర వేసుకుంటూ ఆవకాయతో భోజనం కానిచ్చే పెద్దవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ వయసులో ఏం మారుతుందిలే అనేవాళ్లకి 2020లో వచ్చిన ఒక ఫలితం చూపించాలి. యూరప్‌లో ఐదు దేశాల్లో, 65 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 612 మందిలో కొందరికి ఏడాదిపాటు కూరగాయలు, పప్పుగింజలు, పళ్లు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే భోజనం పెట్టారు. దాన్ని సరిగా పాటించినవాళ్లలో బ్యూటిరేట్‌తో సంబంధమున్న బ్యాక్టీరియా పెరిగింది, నీరసం తగ్గింది, జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగయ్యారు, ఇన్‌ఫ్లమేషన్ సూచికలు దిగాయి. ఏడాదిలో! డెబ్బై దాటిన పేగు కూడా మాట వింటుంది. వాళ్ల భోజనం మనకి కొత్తేమీ కాదు. ఆలివ్ నూనె ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ రావులపాలెం సంతలో దొరుకుతాయి. కూర అరటికాయ, అలసందలు, మునగాకు, కాకరకాయ, చెరువు చేప. ఏ డాలరూ అక్కర్లేదు.

కావలసింది ఇంకో జత చేతులు. ఇక్కడే మనం ఆలోచించాల్సింది ఉంది. మా ఊళ్లో ఒక పిన్ని ఉంది. పొద్దున్నే తన ఇంటికి తరిగేటప్పుడే మా అమ్మకీ, వీధిలో ఇంకొన్ని ఇళ్లకీ కూరలు తరిగి డబ్బాల్లో పెట్టి పంపుతోంది. నెలకింతని డబ్బు తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా. ఇది దయ కాదు, పని. అమ్మ ఇప్పుడు కుక్కర్లో మెత్తగా ఉడికించుకుని తాలింపు పెట్టుకుంటుంది. నార తీసిన దూట వచ్చిన రోజు ఫోన్ తనే చేస్తుంది. తరిగిన కూర పంపే ఏర్పాటు ఊరికొకటి ఉంటే ఎంత బావుంటుంది! ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి, తరగడం వచ్చిన చేతులున్నాయి, డబ్బులు పంపగల పిల్లలున్నారు. పట్నాల్లో కర్రీ పాయింట్లున్నాయి కదా అంటారేమో. వాళ్లని తప్పుపట్టను, ఎంతోమంది ముసలి దంపతుల్ని ఆకలితో పడుకోనివ్వకుండా కాచేది వాళ్లే. కానీ ఆ పొట్లాల్లో నూనె, ఉప్పు, బంగాళాదుంపే ఎక్కువ. పెద్దవాళ్ల కోసమని రోజూ ఒక ఆకుకూర పప్పు, ఒక నార కూర తక్కువ ఉప్పుతో వేరే వండితే, కొనేవాళ్లు లేకపోరు. అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయలకి అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు దొరుకుతున్నాయి. పట్నంలో ఉన్న పెద్దవాళ్లు అక్కడికెళ్లి నలుగురితో కలిసి తినడం నామోషీ అనుకోకూడదు. ఒంటరిగా తినే పెరుగన్నం కంటే అది అన్ని విధాలా నయం.

జనాభాలో పెద్దవాళ్ల వాటా పెరుగుతోందన్న దిగులుతో మన రాష్ట్రం 2024లో స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లకి ఇద్దరికి మించి పిల్లలుండకూడదన్న నిబంధన కూడా ఎత్తేసింది. రేపు పుట్టే పిల్లల గురించి అంత ఆలోచన చేసినవాళ్లు, ఇవాళ ఇళ్లల్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు మధ్యాహ్నం ఏ కూరతో తిన్నారో కూడా ఆలోచించాలి. ప్రతినెలా మొదటి తారీకున పింఛను ఇవ్వడానికి సిబ్బంది గడప గడపకీ వెళుతూనే ఉన్నారు. ఆ ఇంట్లో వంట అవుతోందా, పళ్లున్నాయా, రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారని అడిగి రాసుకోవడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది.

గోదావరికి వరదొచ్చే జులై, ఆగస్టుల్లో ఈ ఏర్పాట్లన్నిటికీ అడ్డు పడుతుంది. లంకలు మునిగితే ఆకుకూరలు రావు, వచ్చినా ధర మండిపోతుంది. ఆ నెలల కోసం మేం ముందే కంద, చేమ, పెండలం దుంపలు, ఉలవలు, అలసందలు, ఎండు బఠాణీలు తెచ్చి పెట్టుకుంటున్నాం. దుంపలు చెక్కు తియ్యకుండా గాలి తగిలేచోట పరిస్తే వారాలపాటు ఉంటాయి. గింజలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో నాలుగు కూతలెక్కువ రానిస్తే పళ్లు లేని నోటికి కూడా ఇబ్బంది ఉండదు, గ్యాస్ కూడా తగ్గుతుంది.